గాఢ నిద్ర పెంచుకోవడానికి శబ్దమా, కరెంటా, అయస్కాంతమా, ఉయ్యాలా?

మా అన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పోయిన సంక్రాంతికి అనంతపురం వచ్చినప్పుడు బ్యాగులోంచి నల్లటి పట్టీ ఒకటి తీసి, "అత్తా, ఇది తాతకు. రాత్రి నుదుటికి కట్టుకుని పడుకుంటే గాఢ నిద్ర పెరుగుతుందంట" అన్నాడు. మా నాయనకు డెబ్బై రెండేళ్లు. నాలుగేళ్లుగా నిద్ర సరిగా లేదు. తొమ్మిదిన్నరకే మంచమెక్కుతాడు, రెండింటికి లేచి వసారాలో కూర్చుంటాడు. పొద్దున పేపరు చేతిలో పట్టుకునే కునుకు తీస్తాడు. శెనక్కాయ చేనికి రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో ఏ ఒంటిగంటకో లేచి మోటారు వేసి వచ్చిన మనిషి. "ఆ నిద్ర అప్పుడే చెడిపోయింది పాపా, ఇంక రాదు" అంటాడు.

ఆ రాత్రే పట్టీ కట్టాం. నాయన పడుకునే ముందు తలకు కొబ్బరి నూనె రాసుకుంటాడు. పట్టీ లోపల నుదుటికి ఆనాల్సిన వెండి రంగు బిళ్లలు నూనెకు జారిపోయాయి. ఫోన్‌లో సిగ్నల్ అందలేదని ఎర్ర గుర్తు. తడి గుడ్డతో నుదురు తుడిచి మళ్లీ కట్టాం. పదకొండు దాటాక నాయనకు నిద్ర పట్టింది. నేను పక్కన కుర్చీలో కూర్చుని, పట్టీలోంచి శబ్దం ఎప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించి వింటున్నాను. ఆ శబ్దం కంటే ముందు వేరేది వినిపించింది. గురక పెద్దదై పెద్దదై టక్కున ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయాను. ఇరవై రెండు దాకా ఊపిరి లేదు. తర్వాత నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి గాలి పీల్చి, అటు తిరిగి పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో మళ్లీ అదే. పట్టీ సంగతి తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి చూడాలని ఆ కుర్చీలోనే అనుకున్నాను.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. డాక్టర్ను కాను. కానీ ఆ రాత్రి తర్వాత రెండు నెలలు ఈ విషయం మీదే పడ్డాను, దొరికిన పరిశోధన పత్రాలన్నీ చదివాను. మందు లేకుండా, కోత లేకుండా, బయటి నుంచే మెదడును కదిలించి గాఢ నిద్ర పెంచే పద్ధతులు ఇప్పుడు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఏది ఎంత నమ్మదగిందో, ఎవరికి పనికొస్తుందో, ఎవరు దగ్గరికి కూడా పోకూడదో రాస్తున్నాను. మన ఊళ్లలో ఇలాంటి పట్టీలు ఇప్పుడిప్పుడే పిల్లల బ్యాగుల్లో వస్తున్నాయి. కొనే ముందు ఎవరైనా ఒకరు తెలుగులో చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

గాఢ నిద్ర అంటే ఏ నిద్ర

రాత్రంతా మనం ఒకే రకంగా నిద్రపోం. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక చుట్టు తిరగడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. గాఢ నిద్ర ఎక్కువగా నిద్ర పట్టాక మొదటి గంటల్లోనే ఉంటుంది. అందుకే పదకొండుకు పడుకుని మూడింటికి లేచినా కొందరు ఫర్వాలేదు అనిపించేలా ఉంటారు.

ఈ గాఢ నిద్రలో మెదడు కణాలు కోట్ల కొద్దీ కలిసి ఒక్కసారిగా పని ఆపుతాయి, ఒక్కసారిగా మళ్లీ మొదలుపెడతాయి. తలకు తీగలు పెట్టి ఈఈజీ తీస్తే ఇవి పెద్ద పెద్ద నెమ్మది అలలుగా కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి సెకనుకు ఒకటి కూడా రావు, అంత నిదానం. పగలు చదివింది, చూసింది మనసులో కుదురుకోవడానికి ఈ అలలు కావాలి. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది కూడా ఈ సమయంలోనే. తిరునాళ్లలో మైకు పక్కన చాప మీద పిల్లలు ఎలా నిద్రపోతారో చూశారు కదా, అది ఈ నిద్రే. వయసు పెరిగేకొద్దీ ఈ అలలు చిన్నవవుతాయి, తగ్గిపోతాయి. అరవై దాటిన మనిషికి ఇరవై ఏళ్ల వయసులో ఉన్నంత గాఢ నిద్ర లేకపోవడం జబ్బు కాదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతి వాచీ పొద్దున్నే "గాఢ నిద్ర 38 నిమిషాలు" అని చూపిస్తే దాన్ని పట్టుకుని టెన్షన్ పడకండి. వాచీకి మెదడు అలలు తెలియవు. నాడి, చెయ్యి కదలిక చూసి అంచనా కడుతుంది. ఆ అంకె కోసం బెంగపడి నిద్ర పోగొట్టుకునేవాళ్లు ఎక్కువవుతుంటే, అమెరికా పరిశోధకులు 2017లో దానికి ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు.

ఏదీ కొనకముందు చూడాల్సినవి

గాఢ నిద్ర తక్కువైందంటే ఏదో ఒకటి దాన్ని చెడగొడుతూ ఉండవచ్చు. ఆ కారణం అలాగే ఉంచి మెదడుకు పట్టీ కట్టడం, తొట్టికి చిల్లి ఉండగా మోటారు వేసినట్టు.

మొదటిది గురక. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ తీసుకోవడాన్ని స్లీప్ అప్నియా అంటారు. గొంతు వెనక దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని తేలిక నిద్రలోకి లాగుతుంది. గంటకు ఐదు సార్లు దాటి ఇలా ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో జరిగితే లెక్కలోకి తీసుకుంటారు. ముప్పై దాటితే తీవ్రం. పొద్దున తలనొప్పి, పగలు కునుకు, మందులు వేసినా దిగని బీపీ, రాత్రి మాటిమాటికీ ఒంటేలుకు లేవడం దీని గుర్తులు. మా అమ్మ ముప్పై ఏళ్లుగా "ఆయన గురక ఎప్పుడూ అంతే" అని సర్దుకుపోయింది. మన ఇళ్లలో గురకను గాఢ నిద్రకు గుర్తుగా చూస్తారు, అక్కడే మోసపోతాం. పక్కన పడుకునేవాళ్లు ఫోన్‌లో పది నిమిషాలు రికార్డు చేసి ఊపిరితిత్తుల డాక్టరుకో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో వినిపించండి. స్లీప్ స్టడీ, అంటే రాత్రంతా నిద్రను యంత్రాలతో గమనించే పరీక్ష, రాస్తారు. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాదు రమారమి రెండు వందల కిలోమీటర్లే. బెంగళూరు నిమ్హాన్స్‌లో నిద్ర సమస్యలకే ప్రత్యేకంగా క్లినిక్ ఉంది.

రెండోది నిద్ర మాత్రలు. మెడికల్ షాపులో చీటీ లేకుండా సగం సగం కొనుక్కుని ఏళ్ల తరబడి మింగేవాళ్లు మన వీధుల్లో తక్కువేం లేరు. ఆల్ప్రజోలం లాంటి మాత్రలు నిద్ర పట్టిస్తాయి కానీ గాఢ నిద్ర అలలను అణిచేస్తాయి. అంటే ఏది కావాలని చూస్తున్నామో దాన్నే తగ్గిస్తాయి. అలా అని రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

సాయంత్రం పూట కాఫీ, టీ కూడా ఇదే పని చేస్తాయి. ఆడవాళ్లలో ఐరన్ తక్కువై రాత్రి కాళ్లు గుంజడం, ఊరికే కదిలించాలనిపించడం ఉంటుంది. ఒక రక్త పరీక్షతో తేలిపోయే సంగతి అది. ఎండాకాలం మన ఊళ్లలో వేడి సంగతి చెప్పనక్కర్లేదు. ఒంటి లోపలి వేడి కాస్త దిగితే గానీ నిద్ర దిగదు. పడుకోవడానికి గంటా గంటన్నర ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తే చర్మానికి రక్తం చేరి లోపలి వేడి బయటికి పోతుంది. పెద్దవాళ్లు మిద్దె మీద నీళ్లు చల్లి పడక వేసుకున్నది ఊరికే కాదు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా కావాలనిపిస్తే, అప్పుడు పరికరాల మాట.

శబ్దం: అన్నిటిలో నేను ముందు పెట్టేది ఇదే

నుదుటి పట్టీ మెదడు అలలను చదువుతూ ఉంటుంది. గాఢ నిద్ర అల పైకి లేవబోయే క్షణం కనిపెట్టి, అప్పుడే చెవికో, నుదుటి ఎముకకో చిన్న శబ్దం అందిస్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే ఉండే, దూరపు వాన హోరులాంటి చప్పుడు. మనిషి లేవడు, కానీ మెదడు దానికి స్పందించి తర్వాతి అలను ఇంకాస్త పెద్దదిగా లేపుతుంది. ఉయ్యాల ఊపేవాళ్లకు ఇది తెలిసిందే. వెనక్కి వచ్చి ముందుకు కదలబోయేటప్పుడు వేలితో తోసినా చాలు, పైకి పోతుంది. ఎదురొచ్చేటప్పుడు తోస్తే ఆగిపోతుంది.

జర్మనీలో యాన్ బోర్న్ బృందం 2013లో 11 మంది మీద ఈ ప్రయోగం చేసింది. సరైన క్షణంలో శబ్దం వినిపించిన రాత్రి అలలు బలపడ్డాయి, ముందురోజు నేర్చుకున్న మాటల జతలు పొద్దున బాగా గుర్తున్నాయి. అదే శబ్దాన్ని తప్పు క్షణంలో వినిపిస్తే ఆ లాభం లేదు. 2017లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఫిలిస్ జీ బృందం 60 నుంచి 84 ఏళ్ల వయసున్న 13 మంది మీద చేసి చూసింది. పెద్దవాళ్లలో కూడా అలలు పెరిగాయి, జ్ఞాపకం మెరుగైంది.

ఇక్కడితో ఆపేస్తే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. 2019లో వచ్చిన ఇంకో పరిశోధనలో అలలు పెరిగాయి కానీ జ్ఞాపకశక్తి ఏమీ మారలేదు. పైగా ఇవన్నీ కొద్దిమంది మీద, ఒకటి రెండు రాత్రులు చేసినవి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: 2013 ప్రయోగంలో కూడా గాఢ నిద్ర నిమిషాలు పెరగలేదు. ఉన్న గాఢ నిద్రలోనే అలలు బలపడ్డాయి. అంటే "గాఢ నిద్ర గంట పెరుగుతుంది" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. గాఢ నిద్రలోకే పోలేనివాడికి ఈ పట్టీ చేయగలిగింది తక్కువ, ఎందుకంటే తోయడానికి అక్కడ ఉయ్యాల ఊగుతూ ఉండాలి.

అయినా దీన్నే ముందు పెడుతున్నాను. తల్లోకి కరెంటు పంపదు, చేసేది చిన్న చప్పుడు మాత్రమే. పనిచేయకపోతే పోయేది డబ్బు, ఒకటి రెండు రాత్రుల నిద్ర. ఆ డబ్బు మాత్రం తక్కువ కాదు. ఫిలిప్స్ కంపెనీ 2018లో స్మార్ట్‌స్లీప్ పట్టీ తెచ్చినప్పుడు ధర 399 డాలర్లు. ఇంకో చిక్కు, ఈ వ్యాపారంలో కంపెనీలు నిలదొక్కుకోవడం కష్టంగా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన డ్రీమ్ పట్టీకి మంచి పేరుండేది. 2023లో దాన్ని బీకన్ బయోసిగ్నల్స్ అనే అమెరికా సంస్థ తీసుకుంది, అది మందుల పరిశోధనలకు మెదడు అలలు చదివే సంస్థ. ఫోన్ యాప్ మీద ఆధారపడే పట్టీకి వెనక కంపెనీ లేకపోతే అది నుదుటికి కట్టుకునే గుడ్డే అవుతుంది.

యూట్యూబ్‌లో ఎనిమిది గంటల "డెల్టా వేవ్స్" (ఈ నెమ్మది అలల ఇంగ్లీషు పేరు) వీడియోలు ఇదే పని చేస్తాయా అని మా స్టాఫ్ రూంలో అడిగారు. చేయవు. వాటికి మీ మెదడు ఎప్పుడు ఏ అల మీద ఉందో తెలియదు. ఎయిర్ కూలర్ హోరులాగా బయటి చప్పుళ్లను కప్పేస్తాయి, అంతవరకే. ఆ కప్పేయడం వల్లే కొందరికి నిద్ర పడుతుంది, అది మంచిదే. ఉచితంగా దొరికేదాన్ని ఆ పనికి వాడుకోండి, సౌండ్ తక్కువ పెట్టి, ఫోన్ దూరంగా ఉంచి.

కరెంటు: రెండు రకాలు, రెండూ ఒకటి కాదు

మొదటి రకంలో నుదుటి మీద తడి స్పాంజీ లాంటి ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు వైపు చాలా తక్కువ కరెంటు పంపుతారు. మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది, సాధారణంగా రెండు దాటదు. ఈ దారిలో పెద్ద సంచలనం 2006లో వచ్చింది. జర్మనీలోని ల్యూబెక్‌లో లీసా మార్షల్, యాన్ బోర్న్ బృందం యువ వయసులో ఉన్న 13 మందికి నిద్రలో సెకనుకు ముప్పావు వంతు వేగంతో, అంటే నాలుగు సెకన్లకు మూడు సార్లు చొప్పున ఎగసి దిగే కరెంటు ఇచ్చింది. నెమ్మది అలలు పెరిగాయి, మాటల జతలు బాగా గుర్తున్నాయి. నేచర్ పత్రికలో అచ్చయింది. నేను కూడా అది చదివి ఆశపడ్డాను. తర్వాత వేరే చోట్ల అలాగే చేసి చూసినవాళ్లలో కొందరికి ఆ ఫలితం రాలేదు, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్లలో. కాబట్టి ఇది ఇంకా పరిశోధనశాల గుమ్మం దాటలేదనే లెక్క.

మా కాలేజీలో నీట్‌కు చదివే అమ్మాయి ఒకతె ఫోన్ తెచ్చి వీడియో చూపించింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు స్పాంజీలు, ఉప్పు నీళ్లు. "మేడం, ఇది పెట్టుకుంటే చదివింది మర్చిపోమంట, ల్యాబ్‌లో చేసుకుందామా?" అంది. ఆ పిల్ల కళ్లలో నిద్రలేమి నాకు కనిపించింది. పరీక్ష భయంతో రెండింటి దాకా చదివి ఐదింటికి లేస్తోంది. వద్దని కసిరి పంపితే ఇంట్లో చేసుకుంటుంది, అందుకే కూర్చోబెట్టి చెప్పాను. స్పాంజీ ఆరిపోతే చర్మం కాలుతుంది. ఎలక్ట్రోడ్ కొంచెం పక్కకు జరిగితే కరెంటు వేరే చోటికి పోతుంది. మెదడులో ఒక పని పెరిగితే ఇంకోటి తగ్గవచ్చు. 2016లో ఈ రంగంలోనే పనిచేసే శాస్త్రవేత్తలు ముప్పై తొమ్మిది మంది, ఇళ్లలో సొంతంగా ఇలా చేసుకునేవాళ్లను హెచ్చరిస్తూ బహిరంగ లేఖ రాశారు. దాన్ని కనిపెట్టి వాడేవాళ్లే భయపడుతున్నారంటే మనం ఎందుకు ముందుకు దూకాలి? ఆ అమ్మాయికి నేను చెప్పిన మందు ఒకటే, పదకొండుకు పుస్తకం మూసెయ్యమని. రాత్రంతా నిద్ర చుట్లు ఎలా తిరుగుతాయో బొమ్మ గీసి చూపించాను.

రెండో రకం చెవి తమ్మెలకు క్లిప్పులు పెట్టి, ఇంకా సన్నటి కరెంటు పంపే చిన్న పెట్టెలు. పడుకునే ముందు మెలకువగా ఉన్నప్పుడే వాడతారు. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో వీటిని ఆందోళనకు, నిద్రలేమికి మధ్యస్థ ప్రమాదం ఉన్న పరికరాల వర్గంలో చేర్చింది. దీన్ని చూపించి "గాఢ నిద్రకు ఎఫ్‌డీఏ ఒప్పుకుంది" అని అమ్ముతారు. అది నిజం కాదు. ఒప్పుకున్నది నిద్రలేమికి, గాఢ నిద్ర అలలు పెరుగుతాయని కాదు. మనసులో గుబులు వల్ల నిద్ర పట్టనివాళ్లకు, మానసిక వైద్యుడు చూసి చెబితే, ఆలోచించవచ్చు. ఊరికే గాఢ నిద్ర కోసమైతే నేను కొనను.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, తలలో లోహపు క్లిప్పులో, చెవిలో వినికిడి కోసం అమర్చిన కాక్లియర్ ఇంప్లాంటో ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు ఈ రెండు రకాల జోలికి డాక్టరు మాట లేకుండా పోకూడదు. బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు కరెంటుతో మనసు ఉద్రేకం వైపు తిరిగే ప్రమాదం ఉంది.

అయస్కాంతం

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, ఎందుకంటే ఇంటికి తెచ్చుకునేది కాదు. తలపై చుట్ట లాంటి కాయిల్ ఆనించి క్షణంపాటు బలమైన అయస్కాంత క్షేత్రం పుట్టిస్తారు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ మొదటిసారి చేసి చూపించాడు. 2007లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మాసిమిని, టొనోని బృందం నిద్రపోతున్నవాళ్ల తలపై సరైన చోట దీన్ని వాడితే, ప్రతి దెబ్బకూ ఒక్కో నెమ్మది అల పుట్టింది. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ యంత్రం ప్రతిసారీ టక్కుమంటుంది, తల కదలకూడదు, అరుదుగా ఫిట్స్ రావచ్చు. ఆసుపత్రుల్లో ఇప్పుడు దీన్ని ముఖ్యంగా మందులకు లొంగని డిప్రెషన్‌కు వాడుతున్నారు. "గాఢ నిద్ర ప్యాకేజీ" అని ఎవరైనా పది సిట్టింగుల లెక్కన డబ్బు అడిగితే లేచి రండి.

ఉయ్యాల

మా జేజి శెనక్కాయలు వలుస్తూ ఉయ్యాల ఊపేది. దూలానికి పాత చీర కట్టి, దాన్నుంచి ఒక తాడు తెచ్చి కాలి బొటనవేలికి చుట్టుకునేది. చేతులు చేటలో, కన్ను వీధిలో, వేలు మాత్రం ఆగకుండా కదులుతూ ఉండేది. ఒక ఊపు పోయి రావడానికి ఎంతసేపు పట్టేదో నేను లెక్కపెట్టలేదు, కానీ తొందర మాత్రం లేదు. మొన్న పరిశోధన చదువుతున్నప్పుడు ఆ బొటనవేలు కళ్ల ముందు కదిలింది.

స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో 2011లో 12 మంది మగవాళ్లను మధ్యాహ్నం 45 నిమిషాలు మెల్లగా ఊగే మంచం మీద పడుకోబెట్టారు. కదలని మంచం మీదకంటే తొందరగా నిద్రపట్టింది, నెమ్మది అలలు పెరిగాయి. 2019లో 18 మంది యువతీయువకులతో రాత్రంతా చేశారు. నాలుగు సెకన్లకు ఒక ఊపు. గాఢ నిద్రలో గడిపిన సమయం పెరిగింది, మధ్యలో చిన్న చిన్న మెలకువలు తగ్గాయి, పొద్దున జ్ఞాపకం మెరుగ్గా ఉంది. అదే ఏడాది ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, లోపలి చెవిలో కదలికను పసిగట్టే భాగం పనిచేయని ఎలుకలకు ఊపినా లాభం రాలేదు. అంటే మెదడును కదిలించే దారి చెవి లోపల తూకం చూసే భాగం గుండా పోతోంది. బెంగళూరు నుంచి వచ్చే రాత్రి బస్సులో పెనుకొండ దాటకముందే తల వాలిపోవడానికి కూడా ఇదే కొంత కారణమై ఉండాలి.

శబ్దంతో నిమిషాలు పెరగవు అన్నాను కదా, ఊగడంతో నిమిషాలు కూడా పెరిగాయి. అందుకే నా లెక్కలో ఇది రెండో స్థానంలో ఉంది, ఖర్చు చూస్తే మొదటిదే. చిక్కు ఏంటంటే ఆ ప్రయోగాల్లోని మంచం మోటారుతో, తెల్లవార్లూ ఒకే లయలో ఊగింది, మనిషి చదునుగా పడుకున్నాడు. మన ఇంటి చెక్క ఉయ్యాల బల్ల ఊపేవాళ్లు లేకపోతే రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. రాత్రంతా కుదరకపోయినా మధ్యాహ్నపు కునుకుకో, నిద్ర పట్టించుకోవడానికో వాడుకోవచ్చు. తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు వద్దు. లేచేటప్పుడు పడిపోయే భయం ఉన్న పెద్దవాళ్లను ఉయ్యాల మీద ఒంటరిగా పడుకోబెట్టకండి.

ఎవరికి ఏది

పడుకోగానే నిద్ర పట్టదు, మంచం మీద ఆలోచనలు తిరుగుతాయి అనేవాళ్లకు పైవాటిలో ఏదీ మొదటి దారి కాదు. నిద్రలేమికి మందుల కంటే ముందు సీబీటీ-ఐ అనే పద్ధతి వాడమని అమెరికా ఫిజీషియన్ల సంఘం 2016లో సిఫారసు చేసింది. నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కడం, పట్టకపోతే లేచి వేరే గదికి పోవడం, ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకు లేవడం, మంచం మీద గడిపే గంటలను కొన్నాళ్లు కుదించడం అందులో ముఖ్యం. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది. తొమ్మిదిన్నరకే మంచమెక్కి రెండింటికి లేచే మా నాయన లాంటివాళ్లు పడుకునే టైమును పదిన్నర, పదకొండుకు జరపడం కూడా దీనిలో భాగమే.

నిద్ర పడుతుంది, గురక లేదు, మాత్రలు లేవు, అయినా పొద్దున అలసటగానే లేస్తున్నారు, చేతిలో డబ్బుంది. ఇలాంటి ముప్పై, నలభై ఏళ్లవాళ్లు శబ్దం పట్టీ ప్రయత్నించవచ్చు. మా మేనల్లుడికి అదే చెప్పాను. పరీక్షలకు చదివే పిల్లలకు ఏ పరికరమూ వద్దు, వాళ్ల గాఢ నిద్ర అలలు మనకంటే పెద్దవే, పడుకోనిస్తే చాలు. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లకు పట్టీతో జ్ఞాపకం తిరిగొస్తుందని ఆశ పెట్టకండి. వాళ్లను ముందు న్యూరాలజిస్టుకు చూపించాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది.

కొనాలనే నిర్ణయించుకుంటే అమ్మేవాళ్లను కొన్ని అడగండి. ఇది మెదడు అలలను నిజంగా చదివి, సమయం చూసి శబ్దం ఇస్తుందా, లేక ఊరికే మోగుతుందా? వైద్య పరికరంగా అమ్ముతున్నారా, వెల్‌నెస్ వస్తువుగానా? మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి వచ్చాయి, కాబట్టి వైద్య పరికరం అనే మాట వాడితే దానికి కాగితం ఉండాలి. వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో? నెలనెలా యాప్‌కు డబ్బు కట్టాలా? ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందా? కొన్నాక వారం పట్టీ కట్టి, వారం కట్టకుండా, పొద్దున లేవగానే ఒంటికి ఎలా ఉందో పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాసుకోండి. యాప్ చూపించే మార్కులు అప్పటిదాకా తెరవకండి. రెండు వారాలకూ తేడా కనిపించకపోతే గడువు లోపలే వాపసు పంపండి. నుదుటికి నూనె, పౌడరు లేకుండా చూసుకోండి.

నాయనకు బెంగళూరులో స్లీప్ స్టడీ చేయించాం. గంటకు 34 సార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. ఇప్పుడు గొంతు దారి మూసుకుపోకుండా గాలి ఊదే సీపాప్ యంత్రం, ముక్కుకు మాస్కు. మొదటి వారం "ఏంది పాపా, ముక్కుతాడు వేసినట్టుంది" అని అర్ధరాత్రి తీసి పారేశాడు. మాస్కు సైజు మార్పించాం, మూడో వారానికి నాలుగు గంటలు ఉంచుకుంటున్నాడు. మూడింటికి ఇంకా తీసేస్తూనే ఉన్నాడు. కానీ పొద్దున పేపరు చివరి పేజీ దాకా చదువుతున్నాడు. నల్ల పట్టీ మేనల్లుడి దగ్గరే ఉంది. వాడు వారం కట్టి, వారం మానేసి, కాగితం మీద రాస్తున్నాడు. ఈ నెలాఖరుకు ఆ కాగితం నాకు పంపుతానన్నాడు.